దోగాడే బిడ్డ ఉన్న ఇంట్లో బల్ల మూలల కంటే ముందు బకెట్ల సంగతి చూడండి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. బాబుకు ఎనిమిది నెలలు, ఈమధ్యే దోగాడటం మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు, అత్తమామలు మీతోనే ఉంటారు. ఆన్‌లైన్‌లో పిల్లల భద్రతా కిట్టు ఒకటి చూశారు. అందులో బల్ల మూలలకు రబ్బరు తొడుగులు, ప్లగ్గు రంధ్రాలకు మూతలు, సొరుగులకు తాళాలు ఉన్నాయి. అది కొనాలా, దానితోపాటు వాకర్ కూడా కొనవచ్చా అని మీ సందేహం. మీ అత్తగారేమో ఇవేవీ లేకుండానే నలుగురిని పెంచామంటున్నారు.

నేను పిల్లల డాక్టర్ని. చాలా ఏళ్లు ఒక పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేశాను. బల్ల మూల తగిలి నుదురు బొప్పి కట్టిన పిల్లలు అక్కడికి రోజూ వస్తారు. మహా అయితే రెండు కుట్లు పడతాయి, ఏడుస్తూ వచ్చినవాడు బిస్కెట్టు తింటూ వెళ్లిపోతాడు. వార్డులో ఉండిపోయేవాళ్లు, ఒక్కోసారి ఇంటికి తిరిగి వెళ్లనివాళ్లు వచ్చే కారణాలు వేరు. బకెట్టులో నీళ్లు, కింద దించిన గంజి గిన్నె, తాతగారి షుగరు మాత్ర, దోమల మందు సీసా, రిమోటులోని బిళ్ల బ్యాటరీ. మీరు పంపిన కిట్టు వివరాలు చదివాను. సొరుగు తాళాలు తప్ప, వీటికి అందులో జవాబు లేదు.

ఆ కిట్లు మంచం, కుర్చీ, బల్ల ఎత్తున బతికే ఇళ్ల కోసం తయారైనవి. మన బతుకు సగం నేల మీదే గడుస్తుంది. కూరలు కింద కూర్చుని తరుగుతాం, కంచం నేల మీద పెట్టుకుంటాం, వార్చిన గంజి గట్టు కింద ఉంచుతాం, దీపం జానెడు పీట మీద వెలిగిస్తాం, నీళ్లు బకెట్లలో పట్టి పెట్టుకుంటాం. బిడ్డ ప్రపంచం కూడా సరిగ్గా ఆ జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంది. అందుకే మీరు కొనాల్సినవి తక్కువ, చోటు మార్చాల్సినవి చాలా ఎక్కువ.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఆ నలుగురు పెరిగిన ఇంట్లో ఏ వేళ చూసినా బిడ్డ వెంట ఒక మనిషి ఉండి ఉంటారు. నాయనమ్మో, మేనత్తో, పెద్ద పిల్లో. ఆ కాపలా ఇప్పుడు సన్నబడింది. ఇంకో సంగతి కూడా ఉంది. నూతిలో పడినవాళ్లను, గంజి మీద పడి కాలినవాళ్లను తలచుకుని “వాడి ఆయుష్షు అంతే” అనుకుని ఊరుకున్న కాలమది. పెంచిన పిల్లల లెక్క చెప్పేటప్పుడు వాళ్లెవరూ లెక్కలోకి రారు. ఆవిడతో వాదించమని చెప్పడం లేదు. కింద చెప్పే పనుల్లో సగం ఆవిడ చేతికే అప్పగించండి, మీకంటే శ్రద్ధగా చేస్తారు.

ముందు నీళ్లు. ఈ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. ఇంకో నెలలో మీవాడు దేన్నయినా పట్టుకుని లేచి నిలబడతాడు. బకెట్టు అంచు అందుకు సరిగ్గా సరిపోయే ఎత్తులో ఉంటుంది. లోపల మెరుస్తున్న నీళ్ల కోసం వంగుతాడు, తల ముందుకు వాలుతుంది, కాళ్లు పైకి లేస్తాయి. చేతులు అడుగుకు ఆనినా తనను తాను వెనక్కి నెట్టుకునే బలం ఉండదు. సగం నిండిన బకెట్టు బరువుకి పక్కకు ఒరిగిపోదు కూడా. ముక్కూ నోరూ మునగడానికి 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. మునిగిన పసివాడు అరవలేడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్న చప్పుడు కూడా పెద్దగా రాదు. పక్క గదిలో టీవీ చూస్తున్నవాళ్లకు ఏమీ వినిపించదు. అంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

కాబట్టి స్నానం అయ్యాక బకెట్టు ఖాళీ చేసి బోర్లించడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. స్నానాల గదికి బయటివైపు పైన గడియ ఉంటుంది కదా, దాన్ని ఎప్పుడూ వేసే ఉంచండి. లోపలివైపు కింద గడియ ఉంటే విప్పించేయండి. నడక వచ్చాక పిల్లలు లోపలికి వెళ్లి గడియ వేసేసుకుంటారు, తీయడం రాదు, తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట నిల్వ తప్పదు. అప్పుడు మూత బిగుసుకునే డ్రమ్ములు వాడండి. పళ్లెంలాంటి మూత బోర్లిస్తే చాలదు, బిడ్డ చెయ్యి తగిలితే జారిపోతుంది.

స్నానాల గది బయట కూడా బకెట్లు ఉంటాయి, వాటిని మరచిపోతాం. బాల్కనీలో ఏసీ నీళ్లు చుక్క చుక్కగా పడే బకెట్టు ఒకటి. పనమ్మాయి ఇల్లు తుడుస్తూ ఎవరో పిలిస్తే హాలు మధ్యలో వదిలి వెళ్లిన ఫినాయిలు నీళ్ల బకెట్టు ఇంకొకటి. అందులో మునక, విషం రెండూ ఉన్నాయి. ఇల్లు తుడిచే పావుగంట బాబును ఎవరైనా చంక దించకుండా ఎత్తుకోవాలి, లేదా వాడు నిద్రపోయే వేళకు ఆ పని మార్చుకోవాలి. స్నానం చేయిస్తుంటే ఫోను మోగితే మోగనివ్వండి. లేవక తప్పకపోతే తడి ఒంటితోనే తువ్వాలు చుట్టి వాడిని వెంట తీసుకెళ్లండి.

నీళ్లు కాచే హీటరు కడ్డీ మీ ఇంట్లో ఉంటే తీసేయమనే నా సలహా. బకెట్టులో పెట్టి స్విచ్చి వేసి వెళ్లిపోయే ఆ కడ్డీకి షాకు కొట్టడం తెలుసు, నీళ్లు మరిగించడం తెలుసు, ఎప్పుడు ఆగాలో తెలియదు.

కాలిన గాయాల సంగతికి వస్తే, మన ఇళ్లలో పసివాళ్లను కాల్చేది ఎక్కువగా మంట కాదు, వేడి ద్రవం. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే పసి చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. అప్పుడే దించిన రసం, సాంబారు, గంజి అంతకంటే చాలా వేడిగా ఉంటాయి. గంజి ఇంకా ప్రమాదం, చిక్కగా ఒంటికి అంటుకుపోయి జారదు. టీ కప్పు పోసి పావుగంట అయినా పసివాణ్ని కాల్చగలదు. ఒళ్లో బిడ్డను పెట్టుకుని టీ తాగే అలవాటు మీ మామగారికి ఉంటే, టీ తాగే ఆ కాసేపూ బిడ్డను వేరేవాళ్లకు ఇవ్వమనండి. ఆయన నొచ్చుకున్నా ఫరవాలేదు.

వంటగదిలో నియమం ఒక్కటే: వేడి గిన్నె గట్టు దిగకూడదు. గంజి వార్చడం సింకులోనే. బాణలి కాడలు, గరిటెలు గట్టు అంచు దాటి బయటికి రాకుండా వెనక్కి తిప్పి పెట్టండి. కింద కూర్చుని భోజనం చేసే అలవాటుంటే కూరలు, చారు గిన్నెలు మధ్యలో పెట్టుకునే పద్ధతి మానండి. బాబు మీ పక్కన బుద్ధిగా కూర్చుని ఉన్నాడనుకుంటారు, మీరు అన్నం కలిపేలోగా చారు గిన్నె అంచు వాడి చేతిలో ఉంటుంది. భోజనాల బల్ల ఉంటే దాని మీద గుడ్డ పరచకండి. వేలాడే అంచు కనబడితే లాగడం వాడి పని. ఇస్త్రీ పెట్టె వేడి తగ్గడానికి నేల మీద ఉంచుతారు, వైరు వేలాడుతూ ఉంటుంది. దాన్ని బీరువా మీద ఎత్తుగా పెట్టి, వైరు పైకి చుట్టేయండి. గీజరుకు వేడి తగ్గించే మర ఉంటే 50 డిగ్రీలు దాటనివ్వకండి. నీళ్లు కలిపేటప్పుడు చన్నీళ్లు ముందు, వేన్నీళ్లు తర్వాత. పెద్దవాళ్లకు దీని వెనక కారణం చెప్పండి: వేన్నీళ్లు ముందు పట్టి చన్నీళ్ల కోసం తిరిగిన ఆ అర నిమిషంలోనే పిల్లలు అందులో చెయ్యి పెడతారు.

ఒకవేళ కాలితే, కుళాయి కింద ధారగా చల్లని నీళ్లు 20 నిమిషాలు పోయాలి. గడియారం చూసి మరీ పోయండి, ఎందుకంటే మనకు రెండు నిమిషాలకే చాలా సేపైనట్టు అనిపిస్తుంది. కాలిన భాగం తప్ప మిగతా ఒంటిని పొడిగా, వెచ్చగా కప్పి ఉంచండి. గాజులు, మొలతాడు, బిగుతు బట్టలు వాపు రాకముందే తీసేయండి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం పీకకండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న, సిరా ఏవీ వద్దు. ఇవి రాసుకొచ్చిన గాయాన్ని శుభ్రం చేయడానికి మేము మళ్లీ బిడ్డను ఏడిపించాలి. ఆ తర్వాత శుభ్రమైన తడిగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు నోట్లోకి వెళ్లేవి. ఎనిమిది, తొమ్మిది నెలల మధ్య బిడ్డకు బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజంత వస్తువును ఏరే నేర్పు వస్తుంది. అంతవరకు మీ ఊడ్పుకు అందని పల్లీ గింజ వాడికీ అందేది కాదు. ఇకనుంచి మీకంటే ముందు వాడికే దొరుకుతుంది. చీపురు పని అయ్యాక దీపాలు ఆర్పి, ఫోను టార్చి వెలిగించి నేలకు ఆనించి అడ్డంగా వేసి చూడండి. నిలబడి చూస్తే కనబడని ప్రతి చిన్న వస్తువూ పొడుగాటి నీడ వేస్తుంది. సోఫా కింద, మంచం కోళ్ల దగ్గర, అల్మారా అడుగున ఏమేం బయటపడతాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మాత్రల చుట్ట ముక్క, తెగిన నల్లపూస, చింతగింజ, స్టేప్లరు పిన్ను, మూత ఊడిన పెన్ను. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఇలా చూస్తే చాలు, ఇది మీ మామగారికి ఇష్టమైన పని అవుతుందని నా నమ్మకం.

మీ చేతి గాజులకో, మంగళసూత్రం గొలుసుకో పిన్నీసులు తగిలించుకునే అలవాటు ఉందా? మీకూ, అత్తగారికీ, పనమ్మాయికీ ఉండే ఉంటుంది. చంకనున్న బిడ్డ కళ్లెదురుగా మెరిసే వస్తువు అదే. దాన్ని లాగుతాడు, నోట్లో పెట్టుకుంటాడు. తెరుచుకున్న పిన్నీసు గొంతులో దిగబడితే తీయడం మాకు కూడా చెమటలు పట్టించే పని. ఇవాళే తీసి డబ్బాలో వేయండి.

ఏది ప్రమాదమైన సైజు అనే సందేహం వస్తే పది రూపాయల నాణెం దగ్గర పెట్టుకోండి. దాని వెడల్పు 2.7 సెంటీమీటర్లు. అంతకంటే కాస్త పెద్దవాటి దాకా, అంటే సుమారు 3 సెంటీమీటర్ల లోపు వస్తువు ఏదైనా పసివాడి గొంతుకు అడ్డం పడగలదు. పల్లీలు, వేయించిన శనగలు, బఠాణీలు, వక్కపలుకులు, విడి ద్రాక్షపళ్లు, పగిలిన బుడగ ముక్కలు ఈ కోవలోవే. గట్టి గింజలు నాలుగైదేళ్లు నిండేదాకా పెట్టవద్దు. బంధువులు వచ్చి “ఒక్క గింజేగా” అంటారు. మా దగ్గర ఊపిరితిత్తుల గొట్టంలోంచి తీసేదీ ఆ ఒక్క గింజనే.

అన్నిటికంటే భయపడాల్సింది బిళ్ల బ్యాటరీకి. సీఆర్ 2032 అని రాసి ఉండే రకం మీ ఇంట్లో తప్పకుండా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కారు తాళం, చిన్న రిమోట్లు, బరువు చూసే మిషను, పాటలు పాడే బొమ్మలు, దీపావళికి కొన్న వెలిగే ప్లాస్టిక్ దీపాలు, ఇలా ఎక్కడైనా ఉండవచ్చు. మామగారు వినికిడి యంత్రం వాడితే అందులోనూ ఉంటుంది, అది ఇంకా చిన్నది. నాణెం మింగితే చాలాసార్లు దానంతట అది బయటికి వచ్చేస్తుంది. బ్యాటరీ అలా కాదు. అన్నవాహికలో ఇరుక్కుంటే తడి కణజాలం గుండా కరెంటు పారి, అక్కడ ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోతైన పుండు పడవచ్చు. పనిచేయడం మానేసిన బ్యాటరీలోనూ ఆ పని చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. పైకి కనిపించేది చొంగ కారడం, పాలు వద్దనడం, దగ్గు మాత్రమే. జలుబనుకుని ఊరుకుంటారు. మింగాడేమోనన్న అనుమానం ఉంటే చాలు, వాంతి చేయించకుండా, ఏమీ పెట్టకుండా, పిల్లలకు ఎండోస్కోపీ చేసే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లి ఎక్సరే తీయించాలి. ఏడాది లోపు బిడ్డకు ఇంటివైద్యంగా తేనె నాకించవద్దు, ఆ వయసులో తేనెకు దానిదైన ప్రమాదం ఉంది. ఇంట్లో బ్యాటరీ మూత మరతో బిగించేది కాకపోతే గట్టి టేపు చుట్టండి. వాడేసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా టేపు చుట్టి పైన సీసాలో వేసి ఉంచండి.

గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో ఇంట్లో ఉన్న ప్రతి పెద్దమనిషికీ రావాలి. దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వండి, గాలి ఆడుతున్నట్టే. శబ్దం రాక, ముఖం నీలంగా మారుతుంటే బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒంటి కంటే కిందికి ఉండేలా దవడ పట్టుకుని, భుజాల మధ్య వీపు మీద అరచేతి మొదలుతో 5 దెబ్బలు గట్టిగా వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కాస్త కింద ఛాతీ ఎముక మీద 5 సార్లు నొక్కండి. వస్తువు వచ్చేదాకా లేదా సాయం అందేదాకా ఇవి ఒకదాని తర్వాత ఒకటి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కడం కూడా పనికిరాదు. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇవ్వాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, టీకాకు వెళ్లినప్పుడు మీ డాక్టరును బొమ్మ మీద చేయించమని అడగండి.

విషాల్లో జనం భయపడేవి ఒకటి, పిల్లలు మింగేవి మరొకటి. స్నానాల గది యాసిడ్‌ను అందరూ పైన పెడతారు. పూజ గదిలో కర్పూరం మాత్రం పీట మీద పళ్లెంలోనే ఉంటుంది. తెల్లగా, పంచదార బిళ్లలా ఉండే ఆ కర్పూరం కొద్దిగా మింగినా పసివాళ్లకు నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. దాన్ని డబ్బాలో పెట్టి డబ్బాను ఎత్తున ఉంచండి. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను, జలుబు చేసిందని ఛాతీకి కర్పూరం నూనె రాయడం కూడా ఈ వయసులో మానండి. చీరల మధ్య వేసే కలరా ఉండలు కూడా అంతే. ఒంట్లో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఆ లోపం ఉందని చాలామందికి ముందుగా తెలియదు.

దోమల మందు సీసా నేలకు దగ్గరగా ఉన్న ప్లగ్గులో వేలాడుతూ ఉంటుంది. దాన్ని పై ప్లగ్గుకు మార్చండి, అదనపు సీసా కూడా పైనే ఉండాలి. అందులోని ద్రవం కిరోసిన్ జాతిది. మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయిస్తారు, చేయకూడని పని అదే. వాంతితోపాటు అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది.

అత్తమామల మాత్రలు మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద విషం. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్ర ఒక్కటి మింగినా బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత కూడా పడిపోవచ్చు. “ఆడుకుంటున్నాడుగా” అని ఇంట్లో ఉంచుకోకూడదు, ఆసుపత్రిలో పెట్టి చూడాలి. మీరు వాడుతున్న ఐరన్ మాత్రలూ తక్కువవి కావు. మాత్రల సంచి తలగడ పక్కన ఉండే అలవాటు మారాలి. పెద్దవాళ్లకు లేచి వెళ్లడం కష్టమైతే, వాళ్ల గదిలోనే గోడకు భుజాల ఎత్తున మూతపెట్టె బిగించండి. మింగేటప్పుడు చేయి జారి పడిన మాత్రను “తర్వాత వెతుకుదాం” అనుకోవద్దు.

మీ అత్తగారు తాంబూలం వేసుకుంటారో లేదో రాయలేదు. వేసుకుంటే సున్నం సంగతి చెప్పండి. పిల్లలు ఆ ప్యాకెట్టును పిసికితే ఫట్టున చిట్లి కంట్లో పడుతుంది, కంటి నల్లగుడ్డును కాల్చేస్తుంది. పడితే క్షణం ఆగకుండా కన్ను తెరిచి ఇరవై, ముప్ఫై నిమిషాలు ధారగా నీళ్లు పోసి, రేణువులు కడిగి, కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి.

విషమేదైనా మింగితే సీసానో, చుట్టనో వెంట తీసుకుని బయలుదేరండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, ఉచిత ఫోను 1800 116 117. ఆ నంబరు, 108 రెండూ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. అయస్కాంతం బిళ్లతో మాత్రం కాదు, అవీ మింగేవే.

కరెంటు విషయంలో ప్లగ్గు మూతలకు పెట్టే డబ్బు ఎలక్ట్రీషియనుకు పెట్టండి. మీ మీటరు బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి. ఒంటి ద్వారా కరెంటు భూమిలోకి పారడం మొదలైన మరుక్షణం అది సరఫరా కట్ చేస్తుంది. పాత ఇళ్లలో ఉండదు. ఉంటే నెలకోసారి దాని మీదున్న పరీక్ష మీట నొక్కి పనిచేస్తోందో చూడండి. కొత్త ప్లగ్గు బోర్డుల రంధ్రాలకు లోపల తెర ఉంటుంది, పాతవి ఉంటే మార్పించండి. పెట్టి తీసే మూతలు పెద్దవాళ్లకే చిరాకు, తీసి ఎక్కడో పడేస్తాం, అవే పిల్లల నోట్లోకి పోతాయి. నేల మీద పాకే ఎక్స్‌టెన్షన్ బోర్డును బల్ల వెనక్కి ఎత్తి బిగించండి. స్విచ్చి ఆపకుండా మంచం మీద వదిలేసిన చార్జరు వైరు కొస పిల్లలకు చప్పరించడానికి ఎంతో ఇష్టం. వేసవిలో ఇనుప బాడీ కూలరు బయటికి తీస్తే, ఎర్తింగు చూపించకుండా వాడకండి.

పడటాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఎలాగూ పడతాడు. మంచం మధ్యలో పడుకోబెట్టి చుట్టూ దిండ్లు పెడితే ఆగడు, దిండ్లు మెట్లవుతాయి. పరుపు నేల మీద వేసుకోండి. చీరతో కట్టిన ఊయలకు ఇక సెలవు ఇవ్వండి. లేచి కూర్చునే బిడ్డ అందులోంచి పడగలడు, మెడకు చుట్టుకోగలదు. బాల్కనీ కమ్ముల మధ్య సందు 10 సెంటీమీటర్లు మించితే వల కట్టించండి. అంతకంటే ముఖ్యం, అక్కడ కుర్చీ, స్టూలు, పాత పేపర్ల కట్ట ఏదీ ఉండకూడదు. చెప్పుల స్టాండు, సొరుగుల అల్మారా, స్టాండు మీది టీవీ ముందుకు ఒరగకుండా గోడకు ఎల్ ఆకారపు క్లాంపుతో బిగించండి. తలుపు గాలికి కొట్టుకోకుండా పై అంచు మీద తువ్వాలు మడిచి వేస్తే వేళ్లు మిగులుతాయి. ఇంకొకటి, బాబాయిలకు, మామయ్యలకు గట్టిగా చెప్పండి: సీలింగు ఫ్యాను కింద బిడ్డను పైకి ఎగరేయవద్దని.

వాకర్ కొనవద్దు. అది నడక నేర్పదు, నడవలేనివాడికి వేగం ఇస్తుంది. చెయ్యి చాచినా అందనివన్నీ అందుబాటులోకి తెస్తుంది, గడప తగిలితే బోల్తా కొడుతుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. ఎవరైనా బహుమతిగా ఇస్తే చక్రాలు తీసేసి కూర్చునే బల్లగా వాడుకోండి.

సంక్రాంతికి ఊరు వెళతారేమో, అక్కడ ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. నీళ్ల తొట్టి, పిట్టగోడ లేని మేడ, కింద పొయ్యి, కత్తిపీట, కొబ్బరి కోరాం ఉంటాయి. కొట్టంలో మంచినీళ్ల సీసాలో పోసి ఉంచిన పురుగుమందు ఉండవచ్చు, కూల్‌డ్రింకు సీసాలో కిరోసిన్ ఉండవచ్చు. వెళ్లగానే “పిల్లాడు దోగాడుతున్నాడు, ఒకసారి చూసి వస్తాను” అని చెప్పి ఇల్లంతా తిరగండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఒక్క పూటే. వాకిట్లో కారు వెనక్కి తీసే ముందు బాబు ఎవరి చేతిలో ఉన్నాడో కళ్లతో చూసి మరీ తీయమనండి.

నిండా జనం ఉన్న ఇల్లే ఎక్కువ ప్రమాదం. పెళ్లిళ్లలో, నోముల్లో పదిమంది చూస్తున్నారనుకుంటే అసలు ఎవరూ చూడరు. బిడ్డను చేతులు మార్చేటప్పుడు “ఇక బాబు నీ దగ్గర” అని పైకి అని, అవతలివాళ్లు “సరే” అన్నాకే వెళ్లండి. విందులో సాంబారు గిన్నెలు మోసుకెళ్లే దారిలో బిడ్డను కిందికి దించవద్దు.

ఇక మీ కిట్టు సంగతి. అందులో పనికొచ్చేవి సింకు కింది అల్మారాకు, మందుల సొరుగుకు పెట్టే తాళాలు. అవి విడిగా దొరుకుతాయి. మూలల రబ్బరు అంటించినా మీవాడు వారంలో పీకి నమిలేస్తాడు. పదునైన గాజు బల్ల ఉంటే దాన్ని ఓ ఏడాది పాటు ఎవరికైనా ఇచ్చేయండి. అవి కాక డబ్బు పెట్టి కొనదగినది వంటగది గుమ్మానికి అడ్డంగా బిగించే గేటు ఒక్కటే. కొనే ముందు గుమ్మం వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలవండి. మన గుమ్మాలు చాలావాటికి ఆ మూడు కొలతలూ ఒకటి కావు. ఒత్తిడితో నిలబడే రకం అలాంటి చోట ఒక్క తోపుకు ఊడిపోతుంది, మరలతో బిగించేది తీసుకోండి. నిలువు కమ్ములున్నదే కొనండి, అడ్డ కమ్ములుంటే మరో నాలుగు నెలల్లో మీవాడు దాన్ని ఎక్కేస్తాడు. గడప ఎత్తుగా ఉంటే గేటు దాని మీద నిలబడదు, గుమ్మానికి బయటి వైపు ఉండేలా వడ్రంగి చేత బిగించుకోండి.